2024లో బోట్స్వానా: అరకిలో వజ్రం దొరికిన ఏడాదే 58 ఏళ్ల ప్రభుత్వం ఎందుకు ఓడింది?

ప్రశ్న: మా తమ్ముడికి ఆఫ్రికాలోని బోట్స్వానా రాజధాని గబొరోనేలో ఉద్యోగం వచ్చింది. ఆ దేశం గురించి చదువుతుంటే 2024లోనే అన్నీ జరిగినట్టు కనిపిస్తోంది. ప్రపంచంలోనే రెండో పెద్ద వజ్రం దొరికింది, ఒలింపిక్స్‌లో తొలి బంగారు పతకం వచ్చింది. అదే ఏడాది 58 ఏళ్లుగా ఏలుతున్న పార్టీని జనం దించేశారు. అంత మంచి జరిగిన ఏడాదిలో ప్రభుత్వం ఎలా ఓడిపోయింది? అధికారం మారేటప్పుడు గొడవలు కాలేదా?

సమాధానం:

నేను గబొరోనేలో చాలా ఏళ్లుగా లెక్కల పనిలో ఉన్నాను. 2024 అంతా అక్కడే ఉన్నాను. అందుకే దీన్ని డబ్బు వైపు నుంచి చెబుతాను. నా ఉద్దేశంలో అసలు జవాబు కూడా అక్కడే ఉంది. మీరు చదివిన వజ్రం, పతకం రెండూ నిజమే. కానీ ఆ ఏడాది ఖజానాకు వచ్చే వజ్రాల సొమ్ము దారుణంగా పడిపోయింది. ఆ సొమ్ము మీదే నడిచే ప్రభుత్వం కాబట్టి దానితోపాటే పడిపోయింది.

ముందు పాత సంగతి కాస్త తెలియాలి. 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి బోట్స్వానా ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. తారురోడ్డు మొత్తం కలిపి 12 కిలోమీటర్లని చెబుతారు. మరుసటి ఏడాది ఒరాపా దగ్గర వజ్రాలు బయటపడ్డాయి. ఆ నేల తొలి అధ్యక్షుడు సెరెట్సె ఖామా సొంత తెగ బంగ్వాతో వాళ్ల ప్రాంతంలో ఉంది. ఆయన తలచుకుంటే ఆ సంపదను తెగ పేరు మీదే ఉంచుకోవచ్చు. అలా చేయలేదు. తెగల భూముల్లో ఏ ఖనిజం దొరికినా అది దేశానికే చెందాలని 1967లోనే చట్టం తెచ్చారు. ఆఫ్రికాలో చాలాచోట్ల వజ్రాలు అంతర్యుద్ధాలకు ఖర్చయితే ఇక్కడ బడులకు, ఆసుపత్రులకు ఖర్చు కావడానికి మూలం ఈ ఒక్క నిర్ణయమే. నేను ఈ దేశాన్ని గౌరవించడానికి మొదటి కారణం కూడా అదే.

తర్వాత డి బీర్స్ అనే పెద్ద వజ్రాల కంపెనీతో సగం సగం వాటాగా డెబ్‌స్వానా అనే కంపెనీ ఏర్పడింది. ఒరాపా గని 1971లో, జ్వానెంగ్ గని 1982లో మొదలయ్యాయి. దొరికే రాయి విలువను బట్టి చూస్తే జ్వానెంగ్‌ను ప్రపంచంలోనే అత్యంత సంపన్నమైన వజ్రాల గని అంటారు. పన్నులు, రాయల్టీ, డివిడెండు అన్నీ కలుపుకుంటే డెబ్‌స్వానా లాభంలో దాదాపు 80 శాతం ప్రభుత్వానికే చేరుతుంది. మార్కెట్ పడిపోకముందు దేశం చేసే ఎగుమతుల్లో ఐదింట నాలుగు వంతులు వజ్రాలే ఉండేవి. ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు మూడో వంతు అక్కడి నుంచే వచ్చేది. పాతిక లక్షల జనాభా ఉన్న దేశం. పెద్ద యజమాని ప్రభుత్వమే. టీచరు, నర్సు, పోలీసు జీతాలు, ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టరు బిల్లులు, ఆ కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మేస్త్రీ కూలి అన్నీ చివరికి ఆ గోతుల్లోంచే రావాలి.

ఇప్పుడు 2023, 2024లకు వద్దాం. ల్యాబ్‌లో తయారయ్యే వజ్రాలు అమెరికా మార్కెట్‌ను ముంచెత్తాయి. నిశ్చితార్థపు ఉంగరం కొనే కుర్రాడికి అదే మెరుపు నాలుగోవంతు ధరకో అంతకన్నా తక్కువకో దొరికితే గనిలోంచి తీసిందే కావాలని ఎందుకు పట్టుబడతాడు? చైనాలో కొనుగోళ్లు చల్లబడ్డాయి. ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. ప్రపంచంలో పదింట తొమ్మిది వజ్రాలు సానబట్టేది మనవాళ్లే, ముఖ్యంగా సూరత్‌లో. అక్కడ సరుకు పేరుకుపోవడంతో 2023 అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా ముడి వజ్రాల దిగుమతి ఆపుకోవాలని మన వ్యాపార సంఘాలే తమంతట తాము నిర్ణయించుకున్నాయి. సూరత్ కొనడం మానేస్తే గబొరోనేలో అమ్మకం ఉండదు. ముడి రాళ్ల అమ్మకాలను డి బీర్స్ లండన్ నుంచి గబొరోనేకు మార్చింది 2013లో. అప్పటినుంచి కొనుగోలుదారులు అక్కడికే వస్తారు. విమానాశ్రయం దగ్గర హోటళ్లలో గుజరాతీ మాట వినబడటం మామూలు. 2024లో ఆ సందడి బాగా పలచబడింది.

లెక్క చెబుతాను. డెబ్‌స్వానా అమ్మకాలు 2024లో అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. కంపెనీ కావాలనే తవ్వకం తగ్గించుకుంది. ఆ ఏడాది దేశ జీడీపీ సుమారు 3 శాతం కుంచించుకుపోయింది. నిరుద్యోగం 27 శాతం దాటింది. కుర్రవాళ్లలో ఇంకా ఎక్కువ. దీనికితోడు ఎల్ నినో వల్ల ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతమంతా దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత కరువు. పశువులే ఆస్తిగా బతికే పల్లెల్లో అది రెండో దెబ్బ.

కాగితం మీద ఈ అంకెలు పొడిగా ఉంటాయి కానీ ఊళ్లో అవి ఎలా కనబడ్డాయో చెబుతాను. చిన్న కాంట్రాక్టర్ల పుస్తకాలు చూసేటప్పుడు ప్రభుత్వం నుంచి రావలసిన బాకీల కాలమ్ నెలనెలా పొడుగవుతూ వచ్చింది. 30 రోజుల్లో రావలసిన చెల్లింపు నెలలు గడిచినా రాదు. ఆ మధ్యలో వాళ్లు బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద జీతాలిస్తారు, తర్వాత సగం మందిని మానిపిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందుల కొరత. బీపీ మాత్రలకు, షుగరు మందులకు రోజంతా వరుసలో నిలబడి చీటీ చేతపట్టుకుని తిరిగొచ్చే ముసలివాళ్లు. అక్కడ ప్రభుత్వ వైద్యం దాదాపు ఉచితం, జనం దాన్ని తమ హక్కుగా చూస్తారు. అలాంటిచోట మందు లేదన్న మాటకు ఎంత కోపం వస్తుందో ఊహించండి. నన్నడిగితే ఓట్లు పోయింది ఈ ఫార్మసీ కిటికీల దగ్గరే.

మరి ఆ పెద్ద వజ్రం సంగతేమిటి? ఆగస్టులో కరొవె గనిలో 2,492 క్యారెట్ల రాయి దొరికింది. అంటే అరకిలో. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కలినన్ తర్వాత ఇంత పెద్దది మరొకటి లేదు. ముడిరాయిని పిండి కొట్టే ముందే ఎక్స్‌రేతో లోపలి వజ్రాన్ని కనిపెట్టి పక్కకు తోసే యంత్రాలు ఆ గనిలో ఉన్నాయి. అందుకే అది పగలకుండా బయటికొచ్చింది. అదే గనిలో 2015లో 1,109 క్యారెట్లది, 2019లో 1,758 క్యారెట్లది దొరికాయి. ఈసారి రాయిని తెచ్చి అధ్యక్షుడు మొక్‌గ్వీట్సి మసీసీ చేతిలో పెట్టారు. అరచేయి పట్టనంత రాయి. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

కానీ ఆ గని డెబ్‌స్వానాది కాదు, లుకారా అనే కెనడా కంపెనీది. ప్రభుత్వానికి వచ్చేది 10 శాతం రాయల్టీ, ఆపైన పన్ను. రాయి ధర 4 కోట్ల డాలర్లకు పైనే ఉంటుందని అప్పట్లో పత్రికలు రాశాయి. సరే అనుకుందాం. మన లెక్కలో సుమారు 335 కోట్ల రూపాయలు. ఆ ఏడాది బోట్స్వానా బడ్జెట్ ఆ దేశపు కరెన్సీలో వంద బిలియన్ పులాలకు పైన, అంటే 60,000 కోట్ల రూపాయల పైచిలుకు. రాయి మొత్తం ప్రభుత్వానికే ఇచ్చేసినా బడ్జెట్‌లో అర శాతం. ఆ దేశాన్ని పోషించింది ఏనాడూ ఇలాంటి అద్భుతాలు కావు. గోధుమ గింజంత, పప్పు బద్దంత ఉండి ప్రతి నెలా లక్షల క్యారెట్ల లెక్కన అమ్ముడయ్యే మామూలు రాళ్లు. అవి అమ్ముడుపోవడం మానేశాయి. మీ ప్రశ్నలో మొదటి సగానికి ఇదీ జవాబు.

ఒలింపిక్స్ వేరే సంగతి. దాన్ని డబ్బు లెక్కలో చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఆగస్టు 8 రాత్రి ప్యారిస్‌లో 200 మీటర్ల ఫైనల్. వేసవిలో ప్యారిస్ గడియారం, గబొరోనే గడియారం ఒకటే సమయం చూపిస్తాయి. అక్కడ అది చలికాలం చివర. మా వీధిలో ఒకాయన టీవీని వరండాలోకి లాగి పెడితే దుప్పట్లు కప్పుకుని అందరం చేరాం. కాన్యే ప్రాంతపు కుర్రాడు, 21 ఏళ్ల లెట్సిలె టెబొగో 19.46 సెకన్లలో దూసుకుపోయాడు. అమెరికా కుర్రాళ్లు బెడ్నరెక్, లైల్స్ ఇద్దరూ వెనకే. ఆఫ్రికా ఖండానికి 200 మీటర్లలో ఇదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. బోట్స్వానాకైతే ఏ ఆటలోనైనా ఇదే మొదటిది. అంతకు ముందు ఉన్నవి రెండే పతకాలు: 2012లో నైజెల్ అమోస్ 800 మీటర్ల రజతం, టోక్యోలో రిలే కాంస్యం.

టెబొగో గీత దాటాక ఒక బూటు విప్పి కెమెరాకు చూపించాడు. దాని మీద వాళ్లమ్మ గుర్తు రాసి ఉంది. ఆమె ఆ మే నెలలోనే చనిపోయింది. మా వరండాలో ఆడవాళ్లు అప్పటిదాకా నాలుక ఆడిస్తూ ఉలులు వేస్తున్నవాళ్లు అది చూసి ఒక్కసారిగా ఏడ్చేశారు. పక్కింటి ముసలమ్మ 'మా బిడ్డ, మా బిడ్డ' అంటూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం నుంచి అధ్యక్షుడు దేశమంతా సెలవు ప్రకటించాడు. రెండ్రోజులకు 4×400 మీటర్ల రిలేలో రజతం వచ్చింది. అమెరికా కన్నా సెకనులో పదో వంతు మాత్రమే వెనక. జట్టు తిరిగొచ్చిన రోజున నేషనల్ స్టేడియం వేల మందితో నిండిపోయింది. ఆ ఏడాది జనానికి ఒక్క మంచి రోజు ఉందంటే అది. కానీ టెబొగోకు చప్పట్లు కొట్టిన చేతులే అక్టోబరులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశాయి. పతకాన్ని ప్రభుత్వం ఖాతాలో వేయడానికి జనం ఒప్పుకోలేదు. అది సబబే.

ఏప్రిల్‌లో ఏనుగుల గొడవ కూడా మీరు చదివే ఉంటారు. వేటాడిన ఏనుగుల తలల్లాంటి ట్రోఫీల దిగుమతిని జర్మనీ కట్టుదిట్టం చేయబోతే, మీకు 20,000 ఏనుగులు పంపిస్తాం, వాటితో కలిసి బతికి చూడండని మసీసీ అన్నాడు. యూరప్‌లో దాన్ని వింతగా రాశారు గానీ అందులో న్యాయం ఉందని నేననుకుంటాను. దేశంలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి. ఉత్తరాన చోబె వైపు రైతు రాత్రంతా కాపలా కాసినా తెల్లారేసరికి చేను ఉండదు. ఆ మాట వల్ల మసీసీకి పల్లెల్లో కాస్త పేరొచ్చింది, ఓట్లు మాత్రం రాలేదు.

ఇక రాజకీయం. అధికార పార్టీ పేరు బోట్స్వానా డెమొక్రటిక్ పార్టీ, బీడీపీ. గుర్తు కారు కింద పెట్టే జాకీ. అందుకే ఊళ్లో అందరూ డొమ్‌క్రాగ్, అంటే జాకీ, అంటారు. అక్కడ అధ్యక్షుణ్ని జనం నేరుగా ఎన్నుకోరు. మన పద్ధతిలాగే నియోజకవర్గానికో ఎంపీని ఎన్నుకుంటారు, సగం సీట్లు దాటిన పార్టీ నాయకుడు అధ్యక్షుడవుతాడు. పదేళ్లకు మించి ఎవరూ ఉండకూడదు. బీడీపీ దీనికొక ఆనవాయితీ పెట్టుకుంది. అధ్యక్షుడు ఎన్నికలకు ఏడాదిన్నర ముందు దిగిపోయేవాడు, ఉపాధ్యక్షుడు ఆ కుర్చీలో కూర్చునేవాడు. కాబట్టి కొత్త అధ్యక్షుడు ఎప్పుడూ పదవిలో ఉండే ఎన్నికలకు వెళ్లేవాడు. 1998లో మొహాయె, 2008లో ఇయాన్ ఖామా, 2018లో మసీసీ అందరూ ఏప్రిల్ 1న అలా వచ్చినవాళ్లే.

ఆ గొలుసు మసీసీ దగ్గర తెగింది. ఇయాన్ ఖామా దేశపిత సెరెట్సె కొడుకు, బంగ్వాతో తెగకు సంప్రదాయ అధిపతి. తాను కూర్చోబెట్టిన వారసుడితో నెలల్లోనే చెడింది. ఖామా 2014లో తెచ్చిన వేట నిషేధాన్ని మసీసీ 2019లో ఎత్తేశాడు. గూఢచారి సంస్థలో ఖామా మనుషుల్ని తీసేశాడు. తండ్రి పెట్టిన పార్టీని కొడుకు వదిలేసి బీపీఎఫ్ అనే కొత్త పార్టీ వెనక నిలబడ్డాడు. 2021లో దక్షిణాఫ్రికాకు వెళ్లిపోయాడు. ఆయన మీద అక్రమ ఆయుధాల కేసులు పెట్టారు. 2024 సెప్టెంబరులో, ఎన్నికలకు నెలన్నర ముందు తిరిగొచ్చి కోర్టులో హాజరయ్యాడు. ఖామా తెగవాళ్ల ఊరైన సెరోవె వైపు ప్రచారానికి అంతకు మించి ఏం కావాలి? పైగా బీడీపీ టికెట్ల ఎంపికలో తగాదాలు వచ్చి, ఓడినవాళ్లు చాలాచోట్ల ఇండిపెండెంట్లుగా నిలబడ్డారు.

అక్టోబరు 30, బుధవారం. మండే ఎండలు. తెల్లవారకముందే ఒమాంగ్ అనే గుర్తింపు కార్డులు పట్టుకుని జనం బడుల ముందు వరుస కట్టారు. ఓటింగు 80 శాతం దాటింది. నేను గమనించింది ఆ వరుసల్లో కుర్రవాళ్ల సంఖ్య. మర్నాడు రేడియోలో ఒక్కో నియోజకవర్గం ఫలితం వస్తుంటే ఆఫీసులో ఎవరూ పని చేయలేదు. మొదట రాజధాని చుట్టుపక్కలవి పోయాయి. తర్వాత బీడీపీకి కంచుకోటలనుకున్నవి. చివరికి 61 స్థానాల్లో డూమా బోకో నాయకత్వంలోని ప్రతిపక్ష కూటమి యూడీసీకి 36, మరో ప్రతిపక్ష పార్టీ బీసీపీకి 15, ఖామా వెనకున్న బీపీఎఫ్‌కు 5, ఒక ఇండిపెండెంటుకు 1, బీడీపీకి నాలుగంటే నాలుగు. అయిదేళ్ల కిందట 57లో 38 గెలిచిన పార్టీ అది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. బీడీపీకి ఓట్లు 30 శాతం వచ్చాయి, యూడీసీకి 37. ఏడు శాతం తేడాకు సీట్లలో తొమ్మిది రెట్ల తేడా. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతి ఇన్నాళ్లూ బీడీపీకి మేలు చేసింది. 2014లో సగం కన్నా తక్కువ ఓట్లతోనే 57లో 37 సీట్లు గెలిచింది. అదే కత్తి ఈసారి అటు తిరిగింది. కాబట్టి జనం బీడీపీని పూర్తిగా తుడిచేశారని ఎవరైనా అంటే నమ్మకండి. పదిమందిలో ముగ్గురు ఇంకా దానికే వేశారు.

గొడవలు కాలేదా అన్నారు. కాలేదు. ఎన్నికలకు ముందు అనుమానాలు బోలెడు, ఎన్నికల సంఘం మీద ప్రతిపక్షం ఆరోపణలు, కోర్టు కేసులు కూడా. కానీ నవంబరు 1 ఉదయం, లెక్కింపు ఇంకా పూర్తికాకముందే, మసీసీ బోకోకు ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. విలేకర్ల ముందుకొచ్చి అదే చెప్పాడు. అదే రోజు బోకో ప్రమాణం చేశాడు. నవంబరు 8న నేషనల్ స్టేడియంలో బహిరంగ ప్రమాణస్వీకారం. టెబొగోకు స్వాగతం చెప్పింది కూడా ఆ స్టేడియంలోనే.

ఇది చిన్న విషయం కాదు. అదే అక్టోబరులో అదే ప్రాంతంలోని మొజాంబిక్‌లో ఎన్నికల ఫలితం మీద వీధుల్లో నెత్తురు పారింది. మసీసీ పాలన మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి, పైన రాశాను కూడా. కానీ ఆ ఒక్క ఉదయం ఆయన నడుచుకున్న తీరుకు చేతులెత్తి మొక్కుతాను. దీని వెనక అలవాటు కూడా ఉంది. ప్రతి ఊళ్లో ఖోట్ల అనే రచ్చబండ ఉంటుంది. పెద్దాయన కూర్చుంటే అందరూ వంతులవారీగా మాట్లాడతారు, ఎంత చేదు మాటైనా చివరిదాకా వింటారు. నేను రెండు మూడు ఖోట్ల సమావేశాలు చూశాను. ఒక ముసలాయన మంత్రిని ముఖం మీదే దులిపేస్తుంటే మంత్రి టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. అయితే అంతా సంప్రదాయం పుణ్యమేనంటే ఒప్పుకోను. పదవి పోయినా జైలుకు పోనన్న ధీమా, జీతానికి పనిచేసే అధికారులు ఏ పార్టీ వచ్చినా ఉంటారన్న నమ్మకం, సైన్యం బయటికి రాకపోవడం ఇవన్నీ పనిచేశాయి.

కొత్త అధ్యక్షుడు బోకో మహలాపె ఊరివాడు, హార్వర్డ్‌లో చదివిన మానవహక్కుల లాయరు. కలహారీ ఎడారిలోని శాన్ అనే ఆదివాసుల తరఫున గతంలో వాదించినవాడు. వాళ్లను సెంట్రల్ కలహారీ అభయారణ్యం నుంచి ఖాళీ చేయించడం ఆ దేశపు చరిత్రలో ఒక మచ్చ. 2021 చివర్లో చనిపోయిన ఒక శాన్ పెద్దాయనను తాతల నేలలో పాతిపెట్టడానికి పాత ప్రభుత్వం ఒప్పుకోలేదు. కోర్టుల్లో కూడా కుటుంబం ఓడిపోయింది. దేహం దాదాపు మూడేళ్లు మార్చురీలోనే ఉండిపోయింది. 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం అనుమతిచ్చింది. ఎడారిలో ఆయన అంత్యక్రియలు జరిగాయి. ఆ ఏడాది పత్రికలకెక్కిన పెద్ద వార్తల్లో ఇది లేదు కానీ ప్రభుత్వం మారిందని నాకు నమ్మకం కలిగింది దీనితోనే.

మిగతా విషయాల్లో తొందరపడకండి. 4,000 పులాల కనీస వేతనం, పెరిగిన వృద్ధాప్య పింఛను, లక్షల ఉద్యోగాలు ఇవన్నీ బోకో ఇచ్చిన మాటలు. ఖజానా తాళం చేతికొచ్చాక లోపల ఏముందో వాళ్లకూ తెలిసింది. డెబ్‌స్వానా రాళ్లలో ప్రభుత్వ సంస్థ అమ్ముకునే వాటాను 25 శాతం నుంచి ముందు 30కి, తర్వాత 40కి, గడువు పొడిగిస్తే 50కి పెంచే ఒప్పందం మీద 2025 ఫిబ్రవరిలో సంతకాలయ్యాయి. మార్కెట్ పడిపోయినప్పుడు ఎక్కువ వాటా అంటే అమ్మకానికి ఎక్కువ సరుకు నెత్తిన వేసుకోవడం కూడా.

మీ తమ్ముడికి నా సలహా. భద్రత గురించి భయపడనక్కర్లేదు. మామూలు జాగ్రత్తలు చాలు. చేరబోయే కంపెనీ ఆదాయంలో ప్రభుత్వ పనుల వాటా ఎంతో, పాత బాకీలు ఎన్ని నెలలవో చేరే ముందే అడగమనండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. వర్క్ పర్మిట్ కాగితం చేతికి రాకుండా ఇండియాలోని ఉద్యోగం వదులుకోవద్దు. జీతం పులాల్లో అయితే ఇంటికి పంపే డబ్బు రూపాయి మారకం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఇండియాలో పెద్ద ఈఎంఐ ఏదైనా ఉంటే ముందే సర్దుకోమనండి. అక్కడికెళ్లాక ఎవరినైనా పలకరించే ముందు 'దుమెలా రా' అనో, ఆడవాళ్లయితే 'దుమెలా మ్మా' అనో అనమనండి. నేరుగా పనిలోకి దిగితే మర్యాద తెలియనివాడనుకుంటారు.